బండి వచ్చింది, మనిషేడీ?

2008 ఏప్రిల్. మిట్టమధ్యాహ్నం. మా ఊరి చెరువుకట్ట పక్కన వరసగా వేసిన గడ్డివాముల్లో ఒకదానికి నిప్పంటుకుంది. ఎవరో చుట్ట పారేశారని కొందరు, కరెంటు తీగలు రాసుకుని రవ్వలు పడ్డాయని కొందరు అన్నారు. ఏది నిజమో ఇప్పటికీ తేలలేదు. వడగాలి జోరు మీదుంది. పావుగంటలో నాలుగు వాములు, ఒక గొడ్లపాక, దాని వెనకున్న రెండు పూరిళ్లు అంటుకున్నాయి. ఆడవాళ్లు బిందెలతో నీళ్లు మోస్తున్నారు. మగవాళ్లు వేపమండలతో, తడిపిన గోనెసంచులతో కొడుతున్నారు. ఫైరింజన్‌కి ఫోన్ చేసి ముప్పావుగంట అయింది. ఫైర్ స్టేషన్ మాకు తొమ్మిది కిలోమీటర్లు.

చివరికి వచ్చింది. కొత్త బండి. ముందు అద్దం కింద పసుపు, కుంకుమ బొట్లు ఇంకా చెరగలేదు. దాన్ని కొబ్బరికాయ కొట్టి ప్రారంభించిన ఫొటో పదిహేను రోజుల ముందే పేపర్లో, జిల్లా పేజీలో చూశాం. అందులోంచి దిగింది ముగ్గురంటే ముగ్గురు. జనం వాళ్ల మీదకి వెళ్లారు. "ఇప్పుడా రావడం? బూడిద ఎత్తుకుపోవడానికొచ్చారా?" అని అరిచిన గొంతుల్లో నాదీ ఒకటి. అప్పుడు నేను డిగ్రీ రెండో ఏడు. ఎవరో మట్టిబెడ్డ విసిరితే ఆ కొత్త అద్దం పెటిల్లున పగిలింది.

ముగ్గురిలో పెద్దాయన ఒక్క మాట అనలేదు. పైపు చుట్ట భుజాన వేసుకుని పరిగెడుతూ, ఎదురుగా ఉన్న నన్ను చూసి, "ఏయ్ అబ్బాయ్, తిట్టేది తర్వాత తిడుదువుగానీ, ముందిది పట్టుకో" అని పైపు చివరి ముక్కు నా చేతిలో పెట్టాడు. దాన్ని బ్రాంచ్ అంటారని తర్వాత తెలిసింది. నీళ్లు రానంతసేపు అది ఉత్త గుడ్డపైపే. నీళ్లొచ్చాక మాత్రం, పలుపుతాడు తెంచుకున్న కోడెదూడని కొమ్ములు పట్టుకుని ఆపుతున్నట్టే ఉంది. ఆయన వెనక నిలబడి నన్ను తన భుజంతో ఆనించి ఉంచకపోతే వెల్లకిలా పడేవాణ్ని. మిగిలిన ఇద్దరిలో ఒకరు పంపు దగ్గర, ఒకరు పైపు మెలికలు తీస్తూ. రెండో లైను వేయడానికి బండిలో పైపులున్నాయి, పట్టుకునే మనుషులు లేరు. మేం మొదటి రెండు వాముల మీద కొడుతుంటే మిగిలిన రెండూ వాటి మానాన అవి కాలాయి. పది నిమిషాలు దాటాయో లేదో, ట్యాంకులో నీళ్లు అయిపోయాయి.

ఆయనది మా పక్కూరేనని, మా నాన్నకి బాగా తెలిసినవారేనని ఆ సాయంత్రం తెలిసింది. అప్పట్నుంచి బాబాయ్ అని పిలుస్తున్నాను. ఇప్పుడు రిటైరై ఇంటిపట్టునే ఉంటున్నారు. ఆ రోజు ఆలస్యం ఎందుకైందో ఆయన నాకు చెప్పింది చాలా ఏళ్ల తర్వాత. బండి షెడ్డులో నిండా నీళ్లతో సిద్ధంగానే ఉందట. తోలేవాడు లేడు. స్టేషన్‌కి మూడు డ్రైవర్ ఆపరేటర్ పోస్టులుంటే రెండు ఎనిమిది నెలలుగా ఖాళీ. ఉన్న ఒక్కడూ ముందు రోజు పొద్దున్నుంచి డ్యూటీ చేసి, అప్పుడే ఇంటికెళ్లి కంచం ముందు కూర్చున్నాడు. ఫోన్ చేసి పిలిపిస్తే స్కూటర్ మీద వచ్చేసరికి పాతిక నిమిషాలు.

"బండి కొత్తదే నాయనా. కొత్త బండికి కూడా డ్రైవర్ కావాలిగా!" అన్నారు బాబాయ్, నవ్వుతూనే.

మన ప్రభుత్వాలు అత్యవసర సేవలకి డబ్బు పెట్టడం లేదని చాలామంది అంటారు. నేను ఆ మాట అనను. పెడుతున్నాయి. ఫొటోలో పడేదానికి పెడుతున్నాయి. ఇనుముకి, టైర్లకి, సైరన్‌కి, రంగుకి దొరికే డబ్బు ఆ బండి ఎక్కే మనిషికి దొరకదు. నా ఫిర్యాదంతా ఇదే.

జెండా ఊపడాలే చూడండి. 2020 జులై 1న విజయవాడ బెంజ్ సర్కిల్ నుంచి 108, 104 బండ్లు కలిపి 1,088 బారులు తీరి కదిలాయి. 2023 ఆగస్టు 1న హైదరాబాద్ నెక్లెస్ రోడ్డు మీద 108, అమ్మఒడి, పార్థివ వాహనాలు కలిపి 466. ప్రభుత్వం మారింది, 2024 డిసెంబర్‌లో అదే హైదరాబాద్‌లో మళ్లీ రెండు వందలకు పైగా అంబులెన్సులు. అంతకుముందు 2018లో ఆంధ్రప్రదేశ్ ఏజెన్సీ ప్రాంతాలకి ఫీడర్ అంబులెన్సుల పేరుతో మోటారు సైకిళ్లు. పార్టీలతో నిమిత్తం లేదు. జెండా ఊపే చెయ్యి మారుతుంటుంది, బండ్ల బారు మాత్రం ఒకేలా ఉంటుంది. వెటకారానికి చెప్పడం లేదు. బెంజ్ సర్కిల్ దృశ్యం టీవీలో చూసినప్పుడు నాకూ గర్వంగానే అనిపించింది. కరోనా రోజులు, ఎవరికి ఎప్పుడు ఏ అవసరం పడుతుందోనని టెన్షన్. అన్ని బండ్లు ఒకేసారి కనబడితే ధైర్యం వస్తుంది, సహజం. కానీ అన్ని వందల బండ్ల బారులో ఒక్కో బండికి ఎంతమంది మనుషులు, వాళ్ల జీతం నెలకి ఎంత, సెలవు పెడితే బదులు ఎవరు అనే లెక్క ఏ బ్యానర్ మీదైనా చూశారా?

108 పుట్టిన తీరు గుర్తుచేసుకుంటే ఈ విషయం ఇంకా బాగా అర్థమవుతుంది. 2005 ఆగస్టు 15న హైదరాబాద్‌లో ఆ సర్వీసు మొదలైంది. సత్యం కంప్యూటర్స్ అధినేత రామలింగరాజు పెట్టిన ఈఎంఆర్ఐ అనే సంస్థ నడిపేది, రాజశేఖరరెడ్డి ప్రభుత్వం దాన్ని రాష్ట్రమంతా విస్తరించింది. అంతకుముందు మనకి అంబులెన్సులు లేవా అంటే ఉన్నాయి. స్ట్రెచరు, డ్రైవరు ఉన్న వ్యాను. రోగి వెనక, బంధువులు పక్కన ఏడుస్తూ. 108 తెచ్చిన అసలైన మార్పు ఆ వెనక సీట్లో శిక్షణ పొందిన ఒక మనిషిని కూర్చోబెట్టడం. ఈఎంటీ, అంటే ఎమర్జెన్సీ మెడికల్ టెక్నీషియన్, అనే మాట మన ఊళ్లలో వినబడింది అప్పుడే. డ్రైవర్‌ని పైలట్ అనడమూ అప్పుడే మొదలైంది. 2009 జనవరిలో సత్యం కుంభకోణం బయటపడ్డప్పుడు ఇక 108 ఆగిపోతుందని అందరం భయపడ్డాం. ఆగలేదు. జీవీకే సంస్థ నిర్వహణ తీసుకుంది. అసలు కారణం ఏమిటంటే, నెలనెలా అయ్యే నిర్వహణ ఖర్చులో అత్యధిక భాగం అప్పటికే ప్రభుత్వ ఖజానా భరిస్తోంది. యజమాని జైలుకెళ్లినా డీజిల్‌కి, జీతాలకి డబ్బు వచ్చింది కాబట్టి సైరన్ మోగింది. నెలవారీ డబ్బుకున్న విలువ ఏంటో ఈ రాష్ట్రానికి ఒకసారి కళ్లకి కట్టినట్టు తెలిసింది. తెలిసి కూడా మర్చిపోయాం.

ఈ మరుపు మన ఒక్కరిదే కాదు, ఢిల్లీ నుంచి వచ్చే డబ్బు కూడా అదే బాటలో వస్తుంది. జాతీయ ఆరోగ్య మిషన్ కింద అంబులెన్సులకి కేంద్రం ఇచ్చే సాయం పద్ధతి ఎలా ఉండేదంటే, బండి కొనడానికి ఇస్తుంది. నడిపే ఖర్చులో మొదటి ఏడు 60 శాతం, రెండో ఏడు 40 శాతం, ఆ తర్వాత 20 శాతం. ఏడాదికేడాది తగ్గుతూ పోతుంది. బండి సంగతి మాత్రం దీనికి తిరగబడి ఉంటుంది. మొదటి ఏడు దానికి రిపేర్ల ఖర్చు పెద్దగా ఉండదు. టైర్లు, బ్యాటరీ, ఇంజన్ పని అన్నీ మూడో ఏట మొదలవుతాయి. అదే సమయానికి మనుషులకి ఇంక్రిమెంట్లు పెరగాలి. ఖర్చు పెరిగే వేళకి సాయం తగ్గుతుందన్నమాట.

అగ్నిమాపక శాఖకీ ఇంతే. 15వ ఆర్థిక సంఘం చెప్పిన మీదట 2023 జులైలో కేంద్రం ఫైర్ సర్వీసుల విస్తరణ, ఆధునికీకరణకి 5,000 కోట్ల పథకం తెచ్చింది. చాలా మంచి పని, దశాబ్దాలుగా ఎవరూ పట్టించుకోని శాఖకి అంత పెద్ద మొత్తం రావడం మామూలు విషయం కాదు. మనలాంటి రాష్ట్రాలు 25 శాతం వాటా కలపాలి. ఆ డబ్బు దేనికయ్యా అంటే, కొత్త స్టేషన్లు, శిక్షణ కేంద్రాలు, ఆధునిక పరికరాలు, ఆన్‌లైన్ వ్యవస్థలు. రేపు ఆ కొత్త స్టేషన్లో పగలూ రాత్రీ కూర్చునే మనిషి జీతం రాష్ట్రమే చూసుకోవాలి. రాష్ట్రమేమో ఇప్పటికే జీతాలు, పింఛన్ల బిల్లు చూసి జడుసుకుంటోంది. దీనికి తోడు 2020-21 నుంచి రాష్ట్రాలకి కేంద్రం ఇస్తున్న యాభై ఏళ్ల వడ్డీలేని అప్పు కూడా మూలధన వ్యయానికే. అంటే భవనం కట్టొచ్చు, బండి కొనొచ్చు. ఫైర్‌మన్‌ని తీసుకుంటే అది రెవెన్యూ ఖర్చు. ఆర్థిక శాఖ భాషలో బండి ఆస్తి, మనిషి భారం.

ప్రణాళికలోని పథకాలకి పెట్టేది ప్రణాళికా వ్యయం, మిగతాది ప్రణాళికేతర వ్యయం అనే పాత విభజనని 2017-18 బడ్జెట్ నుంచి తీసేశారు. జీతాలు, రిపేర్లు, డీజిలు అన్నీ ఆ 'ఇతర'లో పడి, ఏ కోత వచ్చినా ముందు వాటి మీదే పడేది. కాగితం మీద పద్దు పేరు పోయింది గానీ ఫైలు చూసే కళ్లలో ఇంకా పోలేదు.

ఇప్పుడు చిన్న లెక్క చేద్దాం. ఇది బాబాయ్ నేర్పిన లెక్క. ఒక వాటర్ టెండర్, అంటే నీళ్ల ట్యాంకున్న ఫైరింజన్, బయల్దేరితే దాంట్లో డ్రైవర్ ఆపరేటర్ ఒకరు, లీడింగ్ ఫైర్‌మన్ ఒకరు, ఫైర్‌మెన్ నలుగురు ఉండాలి. మొత్తం ఆరు సీట్లు. వారానికి 168 గంటలు. ఒక మనిషి చట్టబద్ధంగా పనిచేసే గంటలు వారానికి 48 అనుకుంటే, ఒక్కో సీటుకి ముగ్గురున్నర మంది కావాలి. ఆరు సీట్లకి ఇరవై ఒక్క మంది. ఇంకా దీంట్లో ఎవరికీ జ్వరం రాలేదు, ఎవరి ఇంట్లో పెళ్లి లేదు, ఎవరూ ట్రైనింగ్‌కి వెళ్లలేదు. అవన్నీ కలిపితే పాతిక దాటుతుంది. బాబాయ్ వాళ్ల స్టేషన్‌కి మంజూరైన పోస్టులెన్నో తెలుసా? ఆఫీసర్‌తో కలిపి పదహారు. ఆ పదహారులో ఆయన సర్వీసు మొత్తంలో పూర్తిగా నిండిన ఏడాది ఒక్కటీ లేదట. పదకొండు, పన్నెండు దగ్గర తిరిగేది. మరి ఎలా నడిచింది? ఇరవై నాలుగు గంటల డ్యూటీలతో నడిచింది. హోంగార్డులని, ఔట్‌సోర్సింగ్ డ్రైవర్లని తెచ్చుకుని నడిచింది. ఆరుగురు దిగాల్సిన చోట ముగ్గురు దిగడంతో నడిచింది.

ఖాళీలు నింపరా అంటే నింపుతారు. ఎప్పుడన్నదే ప్రశ్న. తెలంగాణలో 2022 ఏప్రిల్‌లో పోలీసు నోటిఫికేషన్‌తో పాటు ఆరు వందలకు పైగా ఫైర్‌మన్ పోస్టులు ప్రకటించారు. రాతపరీక్ష, దేహదారుఢ్యం, కోర్టు కేసులు, ఎన్నికలు అన్నీ దాటుకుని, శిక్షణ ముగించుకుని వట్టినాగులపల్లిలో 483 మంది పాసింగ్ అవుట్ పరేడ్ చేసింది 2024 అక్టోబర్‌లో. రెండున్నరేళ్లు. ఫైరింజన్ మాత్రం టెండర్ పిలిచి తెప్పించుకోవడానికి అంతకాలం పట్టదు. బండి కొనాలని, మనుషులని తీసుకోవాలని ఒకే రోజు నిర్ణయం తీసుకున్నా బండి ముందొచ్చి, మనిషి కోసం షెడ్డులో ఎదురుచూస్తుంది. మనమేమో ఒకే రోజు నిర్ణయించడం కూడా లేదు.

మా బావ ఆడిటర్. మనిషి మంచివాడు, వాదనలో మాత్రం వదలడు. ఈ లెక్క చెబితే నవ్వాడు. "నువ్వు తెలుగు మేష్టారివి బామ్మర్దీ, నీకు లెక్కలెందుకు? ఆ స్టేషన్‌కి వచ్చే కాల్స్ నెలకి ఎన్ని? వేసవిలో పదిహేను, వానాకాలంలో రెండు. మిగతా రోజులు క్యారమ్స్. పాతికమందిని కూర్చోబెట్టి జీతాలిమ్మంటావా?"

"మీ మొక్కజొన్న చేలో మంచె కాపలాకి మనిషిని పెట్టావు కదా బావా, పోయిన రబీలో. పందులు వచ్చిన రాత్రికే కూలిచ్చావా, రాని రాత్రికీ ఇచ్చావా?"

"రాని రాత్రికీ ఇచ్చాను. అది నా పంట."

"మరి ఇది?"

బావ వదల్లేదు. మంచె కాపలా రెండు నెలలు, ఫైర్‌మన్‌కి ముప్పై ఏళ్ల జీతం, ఆపైన పింఛను అన్నాడు. ఈ మాటలో కొంత న్యాయం ఉందని ఒప్పుకోవాలి. కాల్ రానప్పుడు ఆ మనుషులతో ఇంకేం చేయించొచ్చు అన్నది సరైన ప్రశ్నే. దానికి నా దగ్గర జవాబుంది. మన రెండు రాష్ట్రాల్లోనూ 15 మీటర్లు దాటిన వాణిజ్య భవనాలకి, 18 మీటర్లు దాటిన నివాస భవనాలకి ఫైర్ ఎన్‌ఓసీ, అంటే అగ్నిమాపక శాఖ ఇచ్చే నిరభ్యంతర పత్రం, కావాలి. దానికన్నా తక్కువ ఎత్తున్న వాటిలో ఎక్కువ శాతం ఆ గడప దాటి రావు. తుక్కు గోడౌన్లు, మూడంతస్తుల పాత ఇళ్లు, కింద కొట్టు పైన కాపురం ఉన్న మేడలు. మనుషులు వీటిల్లోనూ చచ్చిపోతున్నారు. 2022 మార్చిలో సికింద్రాబాద్ బోయిగూడ తుక్కు గోడౌన్ పైన నిద్రపోతున్న 11 మంది బీహార్ కూలీలు పోయారు. ఒకే మెట్లదారి. నెలకి పదిహేను కాల్స్ ఉన్న స్టేషన్లో మనుషులు సరిపడా ఉంటే, మిగతా రోజులు బజారు బజారూ తిరిగి ఇలాంటి మెట్లదారులు చూసి రావచ్చు. పన్నెండు మందితో కాల్‌కే చాలనప్పుడు తిరిగేదెవరు?

పొగ సంగతి చెప్పాలి. అగ్నిప్రమాదంలో చాలామంది మంటకి కాదు, పొగకి పోతారు. 2023 మార్చి 16 రాత్రి సికింద్రాబాద్ స్వప్నలోక్ కాంప్లెక్స్‌లో ఆరుగురు యువతీ యువకులు అలాగే పోయారు. పై అంతస్తులో ఇరుక్కుని, ఇంటికి ఫోన్లు చేసి, పొగలో ఊపిరాడక. 2025 మే 18 ఆదివారం తెల్లవారాక చార్మినార్ దగ్గర గుల్జార్ హౌజ్‌లో 17 మంది, అందులో ఎనిమిది మంది పిల్లలు. లోపలికి వెళ్లడానికి సొరంగంలాంటి రెండు మీటర్ల దారి, పైకి మీటరు వెడల్పు మెట్లు. అలాంటి చోటికి ఎంత పెద్ద నిచ్చెన బండి వచ్చినా వీధిలోనే ఆగుతుంది. లోపలికి వెళ్లాల్సింది వీపున సిలిండరు కట్టుకున్న మనిషే.

పొగలో ఊపిరి తీసుకోవడానికి గాలి నింపిన ఆ సిలిండరుని బీఏ సెట్ అంటారు. పూర్తిగా నింపితే అరగంట, మహా అయితే ముప్పావుగంట వస్తుంది. భయపడి గబగబా ఊపిరి తీస్తే అంతకన్నా ముందే అయిపోతుంది. ఎప్పుడూ ఇద్దరుగా వెళ్లాలి, బయట మరొకరు టైము చూస్తుండాలి. అంటే ఒక్క గదిలోకి వెళ్లడానికి కనీసం ముగ్గురు. బాబాయ్ వాళ్ల స్టేషన్‌కి ఒకసారి రెండు కొత్త సెట్లు వచ్చాయట. ప్రదర్శన చేశారు, ఫొటోలు దిగారు. సిలిండర్లు ఖాళీ అయ్యాయి. మళ్లీ గాలి నింపే కంప్రెసర్ జిల్లా కేంద్రంలో ఉంది, డెబ్భై కిలోమీటర్లు. అక్కడికి పంపడానికి వేరే బండి లేదు, పంపితే రాసుకోవడానికి పద్దు లేదు. ఏడాదిన్నర పాటు ఆ రెండు సెట్లూ బీరువాలో నిగనిగలాడుతూ ఉన్నాయి. ఆడిట్ వాళ్లు వచ్చి చూసి, స్టాకు సరిపోయిందని టిక్కు పెట్టి వెళ్లారు. ఈ ముక్క చెప్పినప్పుడు మాత్రం బాబాయ్ నవ్వలేదు.

బావి తవ్వడం సామెత మీకు గుర్తొచ్చే ఉంటుంది. వాడకూడదని ఒట్టు పెట్టుకున్నాను. అసలు మన కథ ఆ సామెతకి అందేది కాదు. బావి ముందే తవ్వి, గిలకా తాడూ వేసి, రిబ్బన్ కత్తిరించి, తోడేవాణ్ని పెట్టని కథ.

అంబులెన్సు సంగతి నేను స్వయంగా చూసింది మూడేళ్ల కింద. రాత్రి పదకొండున్నరకి అమ్మకి గుండెలో నొప్పి. ఫోన్ చేస్తే ఇరవై నిమిషాల్లో బండి వచ్చింది, మంచి బండే. ఈఎంటీ చిన్నపిల్ల, పాతికేళ్లుంటాయేమో. చకచకా బీపీ చూసింది, ఆక్సిజన్ పెట్టింది, ఫోన్లో డాక్టరుతో మాట్లాడింది. దారిలో రెండుసార్లు ఆ అమ్మాయి తల పక్కకి వాలింది. "అన్నా, ఏమన్నా మాట్లాడుతూ ఉండండి, నిద్రొస్తోంది" అంది నాతో. పొద్దున ఎనిమిదికి ఎక్కిందట. పన్నెండు గంటల డ్యూటీ రాత్రి ఎనిమిదికి దిగిపోవాలి, రిలీవర్ రాలేదు, బండి ఆపకూడదు కాబట్టి కొనసాగుతోంది. పైలట్ మెడ మీద తడి తువ్వాలు వేసుకుని తోలుతున్నాడు. రెండు నెలలుగా జీతాలు పడలేదని ఆస్పత్రి గేటు దగ్గర దింపేటప్పుడు మాటవరసకి అన్నాడు. అమ్మ బతికింది. ఆ పిల్ల చేతి చలవే. కానీ ఆ నలభై కిలోమీటర్లూ నేను అమ్మ చెయ్యి పట్టుకుని, ఇంకొకరి ఇంటి ఆడపిల్ల నిద్రపోకుండా మా స్కూలు పిల్లల కబుర్లు చెబుతూ వెళ్లాను.

ఇక్కడా అదే లెక్క. లక్ష జనాభాకి ఒక సాధారణ అంబులెన్సు, ఐదు లక్షలకి ఒక అడ్వాన్స్‌డ్ లైఫ్ సపోర్ట్ బండి ఉండాలని ఆరోగ్య మిషన్ ప్రమాణం. ఈ ప్రమాణం బండ్లని లెక్కపెడుతుంది. లక్ష జనాభాకి మెలకువగా ఉన్న ఈఎంటీలు ఎందరు అని లెక్కపెట్టదు. పన్నెండు గంటల షిఫ్టుని ఎనిమిది గంటలు చేయమని 108 ఉద్యోగులు రెండు రాష్ట్రాల్లోనూ ఏళ్ల తరబడి అడుగుతున్నారు. వాళ్లు సమ్మె నోటీసు ఇచ్చినప్పుడల్లా మనం, అంటే జనం, "ప్రాణాలతో చెలగాటం" అని వాళ్లనే తిడతాం. నేనూ తిట్టాను ఒకప్పుడు.

ఫైర్ స్టేషన్లకి కూడా ప్రమాణాలకేం తక్కువ లేదు. 1950లలో వేసిన స్థాయీ అగ్నిమాపక సలహా కమిటీ నుంచీ ఉన్నాయి. పట్టణంలో ఐదు నుంచి ఏడు నిమిషాల్లో, పల్లెల్లో ఇరవై నిమిషాల్లో చేరాలి. కేంద్ర హోంశాఖ పదిహేనేళ్ల కిందట చేయించిన అధ్యయనం దేశానికి 8,559 స్టేషన్లు కావాలని, ఉన్నవి 2,987 అని తేల్చింది. రాజ్యాంగం పన్నెండో షెడ్యూలు అగ్నిమాపక సేవలని పురపాలికల జాబితాలో పెట్టింది. మన దగ్గర రాష్ట్ర ప్రభుత్వ శాఖే నడుపుతోంది. మున్సిపాలిటీని అడిగితే రాష్ట్రాన్ని, రాష్ట్రాన్ని అడిగితే ఢిల్లీని చూపిస్తారు.

మా తమ్ముడు అమెరికాలో, ఒహాయోలో ఉంటాడు. వాళ్ల ఊళ్లో ఫైర్, అంబులెన్సు సిబ్బంది కోసం ఆస్తిపన్ను మీద ఇంత పెంచాలా వద్దా అని ఎన్నికల్లో బ్యాలెట్ మీదే అడుగుతారట. జనం ఓటేస్తారు, ఒక్కోసారి ఓడిస్తారు కూడా. అక్కడంతా స్వర్గమని కాదు, అంబులెన్సు ఎక్కితే తర్వాత వచ్చే బిల్లు చూసి రెండోసారి గుండె పట్టుకోవాలని వాడే చెబుతాడు. మన 108 ఉచితం, ఆ విషయంలో మనం వాళ్లకన్నా నయం. కానీ వాళ్ల ఊరివాళ్లకి తమ స్టేషన్లో మనుషులెందరో తెలుసు. నాకు మా స్టేషన్ సంగతి తెలియడానికి బెడ్డలు విసిరిన గుంపులో ఉండాల్సి వచ్చింది.

ఇంకో ముక్క. 2024 సెప్టెంబర్‌లో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ వైపు కాలనీలు మునిగాయి గదా. నీళ్లు తీశాక ఇళ్లనిండా బురద. ఆ ఇళ్లు కడిగింది ఫైరింజన్లే. ఇతర జిల్లాల నుంచి కూడా వచ్చాయి. మంచాల కిందా, బియ్యం డబ్బాల వెనకా పేరుకున్న ఒండ్రుని పైపు పెట్టి కొట్టి బయటికి తోశారు. మా పిన్ని వాళ్లది అక్కడే. "మా గడప కడిగిన పిల్లాడు పొద్దున్నించీ ఏమీ తినలేదురా, ఇంట్లో పొయ్యి లేదు, బిస్కెట్లు ఇచ్చాను" అంది. తమ జిల్లా వదిలి వచ్చిన ఆ రోజుల్లో వాళ్ల ఊళ్లో వాము అంటుకుంటే ఎవరు వెళ్లి ఉంటారో!

నేను అడిగేది పెద్దదేం కాదు. ఏ ప్రభుత్వమైనా ఇన్ని బండ్లు కొంటున్నాం అని జీవో ఇచ్చినప్పుడు, అదే జీవోలో ఒక్కో బండికి ఇంతమంది, సెలవులకి బదులు ఇంతమంది, రిపేరుకి, డీజిల్‌కి ఏడాదికి ఇంత అని కూడా రాయాలి. అది రాయకుండా ఆర్థిక శాఖ బండికి సంతకం పెట్టకూడదు. నియామకాలు ఐదేళ్లకోసారి గుత్తగా కాకుండా, రిటైరయ్యేవాళ్లని చూసుకుని ఏటా చిన్న చిన్న బ్యాచులుగా చేయాలి. ఇంకా తేలికైనది ఒకటుంది. రేషన్ షాపు ముందు స్టాకు బోర్డు పెట్టినట్టు, ఫైర్ స్టేషన్ గేటుకి ఒక బోర్డు. మంజూరైన పోస్టులు ఇన్ని, ఉన్నవారు ఇందరు, ఈ పూట డ్యూటీలో ఇందరు. సుద్దముక్క ఖర్చు. కొత్త బండ్లు వద్దని కూడా అనను, ఇరవై ఏళ్ల నాటి ఇంజన్లు తోసుకుంటూ తిరుగుతున్నవి ఇంకా ఉన్నాయి. అల్లూరి జిల్లా కొండల్లో నిండుచూలాళ్లని ఇప్పటికీ డోలీ కట్టి మోస్తున్నారు. అక్కడ బండీ కావాలి, రోడ్డూ కావాలి, మనిషీ కావాలి.

పోయిన ఏప్రిల్‌లో అగ్నిమాపక వారోత్సవాలప్పుడు మా స్కూలు పిల్లలని స్టేషన్‌కి తీసుకెళ్లాను. 1944 ఏప్రిల్ 14న బొంబాయి రేవులో ఓడ పేలినప్పుడు ప్రాణాలు పోగొట్టుకున్న ఫైర్ సిబ్బంది గుర్తుగా జరుపుతారు వాటిని. పిల్లలకి పైపుతో నీళ్లు కొట్టి చూపించారు, సైరన్ మోగించారు. ఏడో తరగతి పిల్లొకతె, "సార్, అంకుల్ వాళ్లు నలుగురే ఉన్నారు, బండిలో ఏడు సీట్లున్నాయి" అంది. నేను నేర్పలేదు, దానంతటది లెక్కపెట్టుకుంది.

ఆ మాట ఊతంగా తీసుకుని, ఊళ్లో పదిమంది పెద్దలతో కలిసి మా ప్రజాప్రతినిధి దగ్గరికి వెళ్లాం. బాబాయ్ కూడా ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చారు. రెండు డ్రైవర్ పోస్టులు, ఐదు ఫైర్‌మన్ పోస్టులు ఖాళీ ఉన్నాయి, భర్తీ చేయించమని అర్జీ ఇచ్చాం. ఆయన మర్యాదగా కూర్చోబెట్టారు, టీ ఇప్పించారు, కాగితం మొత్తం చదివారు. బాబాయ్ భుజం మీద చెయ్యి వేసి, "మీరేం దిగులు పడకండి పెద్దాయనా, ఈ బడ్జెట్‌లో మీకు కొత్త బండి ఇప్పించే బాధ్యత నాది" అన్నారు. పక్కనున్న పీఏ డైరీ తెరిచి మా ఊరి పేరు ఎదురుగా రాసుకున్నాడు. నేను కొంచెం వంగి చూశాను. ఫైరింజన్, ఒకటి.